తిరగేసి చూసే మార్కండేయ

మార్కండేయ చేతికి ఏ పాత్ర ఇచ్చినా ముందు దాన్ని తిరగేసి అడుగు చూస్తాడు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. మిగతా కథలన్నీ దీనికి పుట్టిన పిల్లలు.

గ్లాసుతో నీళ్ళిస్తారు. మనమైతే తాగుతాం. మార్కండేయ తిరగేస్తాడు. అడుగున కొట్టివున్న పేరు పెదవులు కదుపుతూ చదువుతాడు. గ్లాసులో నీళ్ళున్నాయన్న సంగతి చదవడం అయ్యాక, పాదాలు చల్లబడితే తెలుస్తుంది. "అయ్యో, నీళ్ళు పోసిస్తిరా?" అని ఆశ్చర్యపోతాడు. ప్రతిసారీ అదే మొదటిసారన్నట్టు ఆశ్చర్యపోతాడు.

ధర్మవరంలో ఆయన ఉండే నేతగాళ్ళ వీధిలో మజ్జిగ పడని గడప లేదు, కాఫీ పడని చాప లేదు. శ్రీనివాసులు కూతురి పెళ్ళి భోజనాల్లో ఆయన వడ్డించేవాడి చేతిలోంచి రసం బకెట్టు అందుకోగానే, పంక్తిలోని మగవాళ్ళు ఎంగిలి చేతులతోనే లేచి ఆయన్ను పట్టుకున్నారు. ఆయన బకెట్టు వదల్లేదు. దాన్ని వాళ్ళచేతనే పైకెత్తించి, తను కిందికి దూరి, తల వంకరగా పెట్టి చదివాడు.

"ఏమప్పా శ్రీనివాసులూ, ఈ బకెట్టు మీది గాదే! కదిరోళ్ళది!"

నిజమే. వంటవాడు అంతకుముందు కదిరిలో ఒక పెళ్ళికి వండి, వస్తూ వస్తూ పొరపాటున తెచ్చుకున్నాడు. పొరపాటు అనేది వంటవాడి మాట.

పాత్రల మీద పేర్లు కొట్టడం మార్కండేయ పని. పాత్రలమ్మే అంగడి ముందు గోనెపట్ట పరుచుకుని, చిటికెనవేలంత ఉలి, గుప్పిట్లో దాగే సుత్తి పెట్టుకుని కూర్చుంటాడు. ఇప్పుడు అందరూ వాడే కరెంటు మిషను జుయ్యిమని క్షణంలో పేరు గీసేస్తుంది. "అది రాసేది గాదప్పా, గీరేది," అంటాడు మార్కండేయ. ఆయన కొట్టిన అక్షరాన్ని కళ్ళు మూసుకుని వేలితో తడిమి చదవొచ్చు. బడికి పోలేదు. పాత పాత్రలు చూసి కొట్టీ కొట్టీ అక్షరాలు నేర్చుకున్నాడు. పాత్ర అడుగున రాత గుండ్రంగా తిరుగుతుంది గనక ఆయన పేపరును కూడా మెల్లగా తిప్పుతూ చదువుతాడు. టీ అంగట్లో పక్కన కూర్చుని అదే పేపరు చదవబోయినవాళ్ళు మెడలు పట్టుకుని లేచిపోయారు.

తిరగేసే జబ్బుకు తోడు ఒక ప్రశ్న ఉంది. ఎవరు ఎదురుపడినా, "మీ అవ్వ పేరేంది?" అని అడుగుతాడు. టికెట్టు కొడుతున్న బస్సు కండక్టరును అడిగాడు. ఓటు కోసం వచ్చి చేతులు జోడించినాయనను, "అది సరేగానీ మీ అవ్వ పేరేంది?" అన్నాడు. సూది ఇంకా కండలో ఉండగానే నర్సును అడిగాడు.

"యాల తాతా?"

"ఊరికేమ్మా. సెప్పు."

ఇక మూడోది, చదివింపులు. పెళ్ళికి పిలిస్తే తప్పకుండా వస్తాడు. పాత పాత్రతో వస్తాడు. సొట్టపోయిన చెంబో, అంచు అరిగిన పళ్ళెమో పెళ్ళికూతురి చేతిలో పెడతాడు. రోజంతా కొత్త పాత్రల అంగడి ముందు కూర్చునే మనిషికి ఒక్క కొత్త గిన్నె కొనడానికి చెయ్యి రాదా? చదివింపులు మైకులో చెప్పేవాడు ఆయన వంతు రాగానే గొంతు తగ్గించి, "మార్కండేయ గారు... ఒక చెంబు," అని గబగబా తరువాతి పేరుకు పోయేవాడు.

పిసినారి అని వీధి వీధంతా తీర్మానించింది. ఆ మాట అందరికంటే గట్టిగా అనేది ఎదురింటి సువర్ణ.

ఆమె కోపానికి కారణం ఉంది. ఆమె పెళ్ళికి మార్కండేయ ఒక ఇత్తడి బిందె ఇచ్చాడు. నల్లగా కమిలిపోయి, ఒక పక్క సొట్టతో, ఎవరింట్లో ఏం మోసిందో తెలియని బిందె. అప్పటికే అత్తమామలు లేని ఇంటికి వచ్చిన సువర్ణకు, కొత్త కాపురంలో ఆ బిందె కళ్ళలో నలుసైంది. పారేయడానికి మనసొప్పలేదు. పెరట్లో గాలికి దొడ్డితలుపు టపటపా కొట్టుకుంటుంటే, బిందె నిండా ఇసుక పోసి అడ్డం పెట్టింది. తన పెళ్ళినాటి బిందె తలుపుకు అడ్డం ఉండడం ఎదురింటి మార్కండేయ వచ్చిపోయేటప్పుడల్లా చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనేవాడు కాదు. అదీ ఆమెకు కోపమే.

సువర్ణ కూతురు సునంద కంప్యూటరు మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. ఏ సంబంధం వచ్చినా "చూద్దాంలేమ్మా" అనే పిల్ల. కళ్యాణదుర్గం నుంచి ఓబిలేష్ సంబంధం వచ్చినప్పుడు మాత్రం "సరే" అంది. అంతటితో ఆగకుండా తన పెళ్ళిచీర అంచు తనే గీయడం మొదలుపెట్టింది. తండ్రి శ్రీరంగప్ప ఆ చీర కోసం మగ్గం మీదికి పడుగు ఎక్కించాడు. ముహూర్తం మాట్లాడడానికి ఓబిలేష్ మేనత్త నాగలక్ష్మమ్మ వచ్చింది. వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, శ్రీరంగప్ప వైపు తిరిగింది.

"ఏమన్నా, మీ అవ్వ పేరు ఓబమ్మనా?"

"ఔమ్మా."

"మా కళ్యాణదుర్గం నుంచి మారుమనువు వచ్చిన ఓబమ్మనా?"

శ్రీరంగప్పకు అర్థం కాలేదు. "మా అవ్వకు మారుమనువా? మా తాత కదిరప్పే గదా ఆయమ్మ మొగుడు?"

"ఆయప్ప రెండోవాడు. మొదట మా తాతకు అన్న తిప్పన్న చేసుకున్నాడు. తిప్పన్నను పాము కరిసింది. ఆయప్ప పోయినాంక గూడా ఓబమ్మను రెండేండ్లు మేమే పెట్టుకొని కూడు పెట్టినాం. ఊరికే అనేది గాదు, ఊరికంతా తెలుసు. ఒగనాడు మాపటేల సంకలో బిడ్డనేసుకొని, కొంగు కప్పుకొని ధర్మవరం దావ పట్టింది. మా జేజి, మా నాయనను కన్న తల్లి, కండ్లారా చూసింది. ఆ బిడ్డ మీ నాయన ఆదెప్ప అయితే?"

ఆదెప్ప తిప్పన్న కొడుకైతే రెండు ఇళ్ళూ దాయాదులు. సునందకు ఓబిలేష్ అన్న అవుతాడు. ఆ పెళ్ళి మాట నోటితో అనడానికి కూడా లేదు.

"నాకేం పగనా వదినా," అంది నాగలక్ష్మమ్మ లేస్తూ, సువర్ణ చేయి పట్టుకుని. "పిల్ల బంగారం. కానీ వరస తప్పితే రేపు ఊర్లో తలెత్తుకోలేం. ఓబమ్మ ఎప్పుడు వచ్చిందో, ఆదెప్ప ఎప్పుడు పుట్టినాడో తేల్చండి. వారంలో వస్తా."

సునంద లేచి గీత పని దగ్గరికి పోయింది. కంప్యూటరు తెర మీద నెమలి సగం గీసి ఉంది. దానికి తోక గీయకుండా మూసేసింది. కూతురు ఏడ్చివుంటే సువర్ణ ఊరడించేది. సగం నెమలిని ఎలా ఊరడించాలో ఆమెకు తెలియలేదు.

శ్రీరంగప్ప తాతముత్తాతల జాడ కోసం తిరగడం మొదలుపెట్టాడు. రేషనుకార్డులో ఆదెప్ప వయసు "సుమారు" అని ఉంది. చేనేత సంఘం కాగితంలో తండ్రి పేరు కదిరప్ప అని ఉంది. ఫోనులో చెబితే నాగలక్ష్మమ్మ, "సంకలో పోయినోడు గూడా పెంచినోని పేరే రాయిచ్చుకుంటాడు గదన్నా," అంది. ఆదెప్ప బడి మొహం చూడలేదు. జనన మరణాల పాత పుస్తకాలు చెదలు తిన్నాయన్నారు. చివరికి శింగనమలలో ఆంజినమ్మ అనే పండు ముసలమ్మకు అన్నీ తెలుసంటే బస్సెక్కి పోయాడు. ఆమెకు చుట్టుపక్కల జరిగిన మారుమనువులన్నీ గుర్తున్నాయి, ఓబమ్మది తప్ప. ఎవరు ఎవరితో ఎందుకు పోయారో సాయంత్రం దాకా చెప్పి, ముద్ద, పప్పు పెట్టి పంపింది.

వారం తిరిగింది. నాగలక్ష్మమ్మ వచ్చింది. ఓబిలేష్ కూడా వెంట వచ్చి, వాకిట్లోనే చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. సువర్ణ మజ్జిగ తెచ్చింది. నాగలక్ష్మమ్మ అందుకోబోయేలోగా మధ్యలో ఒక చెయ్యి వచ్చి గ్లాసు తీసుకుంది. పిలవకుండానే వచ్చిన మార్కండేయ. తిరగేశాడు. మజ్జిగంతా నాగలక్ష్మమ్మ పట్టుచీర ఒడిలో పడింది.

"అయ్యో, మజ్జిగ పోసిస్తిరా?"

"ఎవురీ ముసలోడు!"

"మీ అవ్వ పేరేందమ్మా?" అన్నాడు మార్కండేయ తీరిగ్గా.

నాగలక్ష్మమ్మ కోపంతో లేచింది. "మా అవ్వ పేరు నీకేంటికి? మా అవ్వ కాదు ఈడ పంచాయితీ, వీళ్ళ అవ్వది! మా తిప్పన్న పెండ్లాం ఓబమ్మది!"

మార్కండేయ చేతిలో గ్లాసు ఆగింది. "తిప్పన్న," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిరగసాగింది. "తిప్పన్న... భార్య... ఓబమ్మకు..." సువర్ణకు ఒళ్ళు మండింది. ఇంట్లో పెళ్ళి మునిగిపోతుంటే ఈయన గాలిలో సున్నాలు చుడుతున్నాడు.

"సువర్ణమ్మా, దొడ్డితలుపు తెరువు."

"తెరిచే ఉండాది మామా!"

"అయితే ముయ్యి."

"దానికి బిందె అడ్డం ఉండాది గదా!"

"అదే. దాన్ని ఎత్తకరా."

ఆమె ఎత్తలేకపోయింది. ఓబిలేష్ పరుగున పోయి, ఇసుకతో సహా మోసుకొచ్చి నట్టింట్లో పెట్టాడు. మార్కండేయ అడగనే లేదు, తిరగేశాడు. తలుపు కాపలా కాస్తూ గట్టిపడిన ఇసుకంతా ఇల్లంతా పరుచుకుంది. అందులోంచి మూడు తేళ్ళు, సునంద చిన్నప్పటి వెండి పట్టీ ఒకటి వచ్చాయి. తేళ్ళ పని ఓబిలేష్ చూసి, మళ్ళీ వాకిట్లోకి పోయాడు.

"చింతపండు, ఉప్పు."

మార్కండేయ బిందెను ఒళ్ళో బోర్లించుకుని అడుగు తోమసాగాడు. ఇంతసేపూ నవ్వు పుట్టించిన మనిషి అప్పుడు మారిపోయాడు. వేళ్ళు తొందరపడలేదు. నలుపు కరిగి ఇత్తడి పసుపు తేలుతున్నకొద్దీ, ఆ పసుపులోంచి చుక్కలు, చుక్కల్లోంచి అక్షరాలు పైకి వచ్చాయి. బయటి నుంచి లోపలికి, ఒకదాని లోపల ఒకటిగా మూడు చుట్లు. సువర్ణ తనకు తెలియకుండానే కింద కూర్చుంది.

"నువ్వే చదువుమ్మా. వేలు పెట్టి చదువు."

ఆమె వేలు మొదటి చుట్టు వెంట తిరిగింది. "కళ్యాణదుర్గం తిప్పన్న భార్య ఓబమ్మకు పుట్టింటివారు."

రెండో చుట్టు. "ధర్మవరం కదిరప్ప ఓబమ్మల మారుమనువుకు పుట్టింటివారు."

మూడో చుట్టు ఇంకా చిన్నది. బిడ్డను ఉయ్యాల తొట్టెలో వేసే వేడుకది. "ఓబమ్మ కొడుకు ఆదెప్ప తొట్లకు పుట్టింటివారు."

"మూడు కార్యాలకూ ఒగే బిందెనా!" అంది నాగలక్ష్మమ్మ. "ఏం పుట్టిల్లమ్మా అది!"

"లేనోళ్ళు," అన్నాడు మార్కండేయ. "కొత్తది తెచ్చే శక్తి లేనప్పుడు ఉన్నదాన్నే తీసుకొని వచ్చి, దీనిమీదే ఇంగొగ పేరు కొట్టప్పా అంటారు. ముగ్గురు పనోళ్ళు కొట్టినారు దీన్ని. ఈ మొదటోడు ఎడంచేతి వాటం. అక్షరం అట్ల పడుకుంటాది చూడు."

"సరే. తొట్ల కార్యం మారుమనువు కంటే ముందు అయ్యిండచ్చు గదా?"

"కాదు తల్లీ. ఈడ చూడు. మారుమనువు అనేదానికి ఈ కొమ్ము లోపలికి దిగింది. ఈ మూడోవాడు దాన్ని తాకకుండా తన అక్షరం రోంత వంచి, పక్కదాన్ని సన్నం చేసినాడు. బస్సులో మాదిరే. ముందు కూచున్నోడు కదలడు, తర్వాత వచ్చినోడే సర్దుకుంటాడు. మారుమనువు ముందు, తొట్ల తర్వాత."

నాగలక్ష్మమ్మ ఊరుకునే మనిషి కాదు. "బిడ్డను ఎత్తుకపోయినాంక ఈడ తొట్లలో ఏసిండచ్చు!"

ఈసారి జవాబు వాకిట్లోంచి వచ్చింది. ఓబిలేష్ నోరు విప్పడం అదే మొదలు. "అత్తా, మొగుడు పోయినాంక రెండేండ్లు మనమే కూడు పెట్టినామంటివి గదా. తిప్పన్న బిడ్డయితే అప్పటికి ఊరంతా ఉరకాల. వాన్ని తొట్లలో ఎట్ల ఏస్తారు?"

రెండేళ్ళ కూడు మాట వెనక్కి తీసుకోవడం మేనత్తకు ప్రాణం మీదికి వచ్చే పని. "అయితే మా జేజి చూసిన బిడ్డ ఎవురు?" అంది చివరికి.

సువర్ణ బిందెను చూస్తోంది. ఒక పక్కనున్న సొట్ట మీద చెయ్యి పెట్టింది. తరువాత ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు, లేచి బిందెను చంకనెత్తుకుంది. ఆ సొట్ట నడుముకు ఒదిగినట్టు అమరింది. కొంగు తీసి మీద కప్పుకుని, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో నిలబడిన సునంద కిసుక్కున నవ్వింది. వారం రోజుల తరువాత వచ్చిన నవ్వు. "అమ్మా, అచ్చం బిడ్డే!"

"బయటికి తెలిస్తే బిందెను అత్తింటోళ్ళే పెట్టుకుంటారని కప్పుకొని పోయింటాది," అన్నాడు శ్రీరంగప్ప మెల్లగా.

"అంటే మా ఇంటి బిందె ఎత్తుకపోయిందన్నమాట!" అంది నాగలక్ష్మమ్మ.

"మీ ఇంటిది గాదమ్మా," అన్నాడు మార్కండేయ. "పుట్టింటివారు అని ముమ్మారు రాసిచ్చినారు."

నాగలక్ష్మమ్మ అందరినీ ఒకసారి చూసి, మజ్జిగ చీరతోనే కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. "మా జేజి సచ్చేదాకా ఆ బిడ్డ పోలికలు గూడా చెప్పేది కదప్పా! ముక్కు తిప్పన్నదే అనేది!"

ముహూర్తాల మాట మొదలైంది. ఆ సందట్లో సువర్ణ మాత్రం బిందెను చంకలోంచి దించలేదు. కళ్యాణదుర్గం నుంచి ఆ దూరమంతా ఒక్కతే ఆడమనిషి, చంకలో తన పేరున్న ఒకే ఒక వస్తువుతో నడిచివచ్చింది. ఆ అక్షరాల మీద తను ఇన్నేళ్ళూ తలుపు ఆనించింది.

"మామా, ఇది మా అవ్వదని తెలిసే ఇచ్చినావా?"

"తెలీకపోతే యాల ఇస్తాను?"

"నీకు యాడ దొరికె?"

మార్కండేయకు తన సంగతి చెప్పుకోవడం ఇష్టం లేదు. ఉలి వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నాడు. "కరువప్పుడు. పాతసామాన్ల అంగడి ముందర పనికుంటి. ఆడోళ్ళు గిన్నెలు తెచ్చి అమ్ముతాండ్రి. ఇచ్చేముందు కొంగుతో అడుగు తుడిచి ఇస్తాండ్రి, పేరు పోతాదేమోనని. కొట్టిన పేరు తుడిస్తే పోతాదా? అవన్నీ కరగబెట్టేకి పోతాంటే చూడలేక, కూలి బదులు పేర్లుండే గిన్నెలే ఇప్పించుకొంటి. ఇల్లు నిండిపోయినాది. ఎవురివని తెలిసేది? అందుకే కనపడినోల్లను అడుగుతాంటి."

"మీ అవ్వ పేరేందని."

"ఆ. ఇంట్లో ఇంగోటి ఉంటే జత కలుస్తాదేమోనని తిరగేసి చూస్తాంటి."

"చేతికిచ్చి చెప్పచ్చు గదా మామా! పిసినారోడని ఊరంతా అంటాంటే..."

"ఏమని చెప్పాల? కరువులో మీ అవ్వ అమ్ముకున్నది ఇదో అనా? పెండ్లిలో ఇస్తే చదివింపు అయితాది." ఆయన గొంతులో మొదటిసారి కోపం కనిపించింది. "ఎవురో ఒగరు తిరగేసి చూసుకుంటార్లే అనుకుంటి. ఎవురూ తిరగేయరే! ఎట్ల మనుషులప్పా మీరు?"

ఈ మాట వీధిలోకి పాకడానికి కాఫీ కాచినంత సేపు కూడా పట్టలేదు. మగ్గాల చప్పుడు ఆగింది. దాని బదులు ప్రతి ఇంట్లోంచి చెంబులు, గిన్నెలు, పళ్ళేలు బోర్లించే చప్పుడు లేచింది. శ్రీనివాసులు భార్య మొలకలు పోసుకున్న చెంబు చేతపట్టుకుని, "మా అమ్మమ్మది! మా అమ్మమ్మది!" అంటూ వీధి మధ్యకు వచ్చింది. పెసలు దారి పొడుగునా పడుతున్నాయి. మార్కండేయ మాత్రం ఆ సందడిలో గోడవారగా తప్పించుకుపోయాడు.

సునంద నెమలికి తోక గీసింది. చీర నేసి దించారు. పెళ్ళికి ముందురోజు మార్కండేయ బిందె అడుగున నాలుగో చుట్టు కొట్టాడు. మిగిలింది అరచేతి గుంటంత చోటు. గీత గీసుకోలేదు, కొలత పెట్టుకోలేదు. చుట్టూ నిలబడినవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, "సునంద ఓబిలేషుల పెండ్లికి పుట్టింటివారు" అని ఒక్క చుక్క తప్పకుండా తిప్పి ముగించాడు. అంత ఇరుకులో కూడా నడిమధ్య గోరంత ఖాళీ మిగిల్చాడు.

"ఆడ ఖాళీ యాల మామా?" అంది సువర్ణ.

"తొట్లకు నన్ను పిలవవా ఏంది?"

పెళ్ళయి, సునంద కళ్యాణదుర్గంలో అత్తగారి గడప ముందు నిలబడింది. ఎండ మాడ్చేస్తుంటే తలమీదికి కొంగు లాక్కుంది. ఆ కొంగు చంకలో ఉన్నదాన్ని కూడా కప్పింది. హారతి పళ్ళెంతో ఎదురొచ్చిన నాగలక్ష్మమ్మ ఆగిపోయింది.

"ఏమ్మా, సంకలో ఏంది?"

"బిందె, పెద్దత్తా."

"కొంగు తియ్యి. అందరికీ చూపు, తిరగేసి మరీ చూపు. పక్కింటి ముసిల్ది కిటికీలోంచి చూస్తాంది, రేపు ముక్కు ఎవురిదో చెప్తాది."

పెళ్ళివారు పగలబడి నవ్వుతుండగా లోపల్నుంచి భళ్ళున ఏదో ఒలికిన చప్పుడు, వెంటనే ఒక ఆడగొంతు, "అయ్యో నా పాయసం!" అని వినిపించాయి. దాని వెనకే నిజమైన ఆశ్చర్యంతో ఒక ముసలి గొంతు.

"అయ్యో, పోసిస్తిరా? సరేగానీ తల్లీ, మీ అవ్వ పేరేంది?"